గ్రీకు హాస్య చిత్రాలు: ఐరోపా సాంస్కృతిక భేదాలు

ఇతర ఐరోపా జాతులకూ గ్రీకులకూ మధ్య ఉన్న ఆచార వ్యవహారాల తేడాలను ఇతివృత్తంగా తీసుకునే ధోరణి గ్రీకు హాస్య చిత్రాల్లో రెండో ప్రపంచయుద్ధం తర్వాత బలపడింది.

తొలి దశ (1948–1970)

ఈ ధోరణికి తొలి ముఖ్య కృతి అలెకోస్ సకెల్లారియోస్ దర్శకత్వంలో 1948లో వచ్చిన ‘జర్మన్లు మళ్లీ వస్తున్నారు’. సకెల్లారియోస్, క్రిస్తోస్ యన్నకొపూలోస్ కలిసి రాసిన రంగస్థల నాటకం దీనికి ఆధారం. అప్పటికి గ్రీసు అంతర్యుద్ధంలో ఉంది. ప్రపంచయుద్ధ కాలంలో గ్రీసును ఆక్రమించిన జర్మన్లు తిరిగి వచ్చినట్లు కథానాయకుడు కల కంటాడు. ఆ పాత్రలో వాసిలిస్ లొగొథెటిడిస్ నటన సాటిలేనిది. పైకి జర్మన్ల మీద వ్యంగ్యంలా కనిపించినా, తమలో తాము కలహించుకునే గ్రీకులే ఈ చిత్రానికి అసలు గురి. చిత్రాన్ని నిర్మించిన ఫినోస్ ఫిల్మ్ సంస్థ ఆక్రమణ కాలంలోనే పుట్టి, తర్వాతి మూడు దశాబ్దాలు పరిశ్రమకు ఆయువుపట్టుగా నిలిచింది.

1960లో జూల్స్ దస్సాన్ తీసిన ‘ఆదివారం మాత్రం వద్దు’ పిరెయస్ రేవులో ఒక అమెరికన్‌కు ఎదురైన గ్రీకు జీవనశైలిని చూపింది. మెలీనా మెర్కూరికి కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి, మానోస్ హజిదాకిస్ పాటకు ఆస్కార్ లభించాయి.

పర్యాటకం పెరిగాక హాస్యం పల్లెలకు చేరింది. వాసిలిస్ యొర్గియాదిస్ 1968లో తీసిన ‘ఎండలో అమ్మాయిలు’ చిత్రంలో ఒక గొర్రెల కాపరి బాదంపప్పులు పెడదామని విదేశీ యువతి వెంట పరుగెత్తుతాడు. ఆమె దాన్ని దాడి అనుకుంటుంది, అతడు జైలు పాలవుతాడు. ఆతిథ్యం అపార్థానికి దారితీయడాన్ని ఇంత సున్నితంగా చెప్పిన చిత్రాలు అరుదు.

1970–1990

టెలివిజన్ పోటీతో పరిశ్రమ కుంచించుకుపోయింది. ఫినోస్ ఫిల్మ్ నిర్మాణం 1977లో ఆగింది.

సరిహద్దులు తెరుచుకున్నాక

తూర్పు ఐరోపాలో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలాక దర్శకుల దృష్టి ఇరుగుపొరుగు దేశాల మీదికి మళ్లింది. సొతీరిస్ గొరిత్సాస్ ‘బాల్కనిజతేర్’ (1997)లో కరెన్సీ మారకంతో లాభం చేసుకుందామని ఇద్దరు గ్రీకు మిత్రులు బల్గేరియా మీదుగా స్విట్జర్లాండుకు బయలుదేరతారు. తాసోస్ బుల్మేతిస్ ‘పొలీతికీ కుజీనా’ (2003) ఇస్తాంబుల్ నుంచి 1964లో వెళ్లగొట్టబడిన ఒక గ్రీకు కుటుంబం కథ. అక్కడ గ్రీకులుగా, ఏథెన్స్‌లో తుర్కులుగా చూడబడ్డ ఆ మనుషుల వ్యథను వంటింటి మసాలాల చుట్టూ అల్లారు.

ఈ దశకు శిఖరం ఫిలిప్పోస్ త్సీతోస్ ‘ప్లేటో అకాడెమీ’ (2009). అల్బేనియన్ వలస కార్మికులను ఈసడించే చిల్లర దుకాణదారు స్తావ్రోస్, జబ్బుపడిన తన తల్లి ఒకనాడు అల్బేనియన్‌లో మాట్లాడటం వింటాడు. స్తావ్రోస్ పాత్ర పోషించిన ఆంతోనిస్ కఫెత్సొపూలోస్ లొకార్నో ఉత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. పరాయివాడు ఇంట్లోనే ఉన్నాడని ఈ చిత్రం నిర్మొహమాటంగా చెప్పింది.

సైప్రస్, ఇతర దేశాలు

సైప్రస్ దర్శకుడు మారియోస్ పిపెరిదిస్ ‘స్మగ్లింగ్ హెండ్రిక్స్’ (2018)లో ఒక కుక్క నికోసియా విభజన రేఖ దాటి టర్కిష్ భాగంలోకి పోతుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల వల్ల దాన్ని వెనక్కి తేవడం నేరమవుతుంది. ఇది ట్రైబెకా ఉత్సవంలో అంతర్జాతీయ కథాచిత్రాల విభాగంలో ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. జర్మనీలో ఫాతిహ్ అకిన్ తీసిన ‘సోల్ కిచెన్’ (2009) హాంబర్గ్‌లోని గ్రీకు హోటల్ యజమాని కథతో వెనిస్‌లో ప్రత్యేక జ్యూరీ బహుమతి పొందింది.