దుఃఖంలో ఎవరికి మినహాయింపు?

1984 అక్టోబరు 31 అనగానే నాకు మొదట గుర్తొచ్చేది పక్కింటివాళ్ల నలుపు తెలుపు టీవీ ముందు కూర్చుని ఏడుస్తున్న మా వీధి ఆడవాళ్లు. తర్వాతి రోజుల్లో తీన్‌మూర్తి భవన్‌లో ఇందిరాగాంధీ భౌతికకాయం పక్కన నిలబడ్డ కొడుకుని చూసి, "తల్లిని అలా చంపేసినా ఎంత నిబ్బరంగా ఉన్నాడో!" అంది మా అమ్మ. నేనూ అలాగే అనుకున్నాను. అదే టీవీలో రక్తానికి రక్తమే బదులన్న నినాదాలూ వినిపించాయి. యమునకు అవతల త్రిలోక్‌పురి ఇళ్లల్లో వాటి అర్థమేమిటో మాకు చాలాకాలం తెలియలేదు.

రాజీవ్‌గాంధీ గురించి మాట్లాడినప్పుడల్లా ఒక వాదన వస్తుంది. ఆయనకు అప్పటికి నలభై ఏళ్లు. ఉదయం బెంగాల్‌లో ఉన్న మనిషి సాయంత్రానికి ప్రధాని అయ్యాడు. తల్లి అంత్యక్రియలు ఇంకా కాలేదు. అలాంటివాడి నుంచి ఏం ఆశిస్తాం?

ఈ వాదనను నేను తేలిగ్గా తీసెయ్యలేను. మొదటి రాత్రి తడబాటును క్షమించవచ్చు. ఆయన శాంతి కోసం విజ్ఞప్తి చేసిన మాటా నిజమే. కానీ నవంబరు 1 నుంచి 3 దాకా రాజధానిలో సిక్కు మగవాళ్లను ఇళ్లలోంచి ఈడ్చి తగలబెడుతుంటే, పోలీసులు చాలాచోట్ల చూస్తూ నిలబడ్డారు. కొన్నిచోట్ల గుంపులకు తోడయ్యారు. సైన్యం నగరంలోని కంటోన్మెంటులోనే ఉన్నా, పరిస్థితి అదుపులోకి వచ్చేసరికి మూడో తేదీ అయింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఢిల్లీలో 2,733 మంది చనిపోయారు.

ఢిల్లీ పోలీసులు కేంద్ర హోంశాఖ కింద ఉంటారు. అప్పటి హోంమంత్రి మన పి.వి. నరసింహారావు. ఆ సాయంత్రం ప్రధాని కార్యాలయం నుంచి వచ్చిన ఒక ఫోనుతో వ్యవహారం ఆయన చేయి దాటిపోయిందని 2016లో వచ్చిన జీవితచరిత్రలో వినయ్ సీతాపతి రాశారు. అదే నిజమైనా ఆయన రాజీనామా చెయ్యలేదు, నోరు విప్పలేదు. తెలుగువాడని గర్వపడే మనం ఈ మౌనాన్నీ ఆయన ఖాతాలోనే రాయాలి.

అసలు తీర్పు చెప్పాల్సింది ఆ తర్వాతి రోజుల మీద. నవంబరు 19న, ఇందిర పుట్టినరోజున, బోట్ క్లబ్ సభలో రాజీవ్ ఆ మూడు రోజుల గురించి మాట్లాడుతూ, మహావృక్షం కూలితే భూమి కంపించక తప్పదన్నారు. అప్పటికి శోకం మొదటి దెబ్బ దాటింది. శిబిరాలు వితంతువులతో నిండి ఉన్నాయి. "దోషులెవరు?" అని అడుగుతూ పౌరహక్కుల సంఘాలు పేర్లతో సహా నివేదిక ప్రచురించాయి. అవన్నీ తెలిసిన ప్రధాని, మనుషులు చేసిన హత్యల్ని ప్రకృతి వైపరీత్యం చేసేశాడు. భూకంపానికి నేరస్తులుండరు కదా! విచారణ కమిషన్ వెయ్యడానికి 1985 ఏప్రిల్ దాకా ఆగారు. బాధితులు పేరుపెట్టి చెప్పిన నాయకుల్లో కొందరు ఈలోగా ఎన్నికల్లో గెలిచారు, మంత్రులయ్యారు.

దుఃఖం మినహాయింపు అయితే అది అందరికీ ఉండాలి. భర్తనీ కొడుకుల్నీ కళ్ల ముందే పోగొట్టుకున్న స్త్రీలకు ఆ మినహాయింపు ఎవరిచ్చారు? వాళ్లు వెంటనే సహాయ శిబిరాల్లో వరసల్లో నిలబడాలి, పిల్లలకు తిండి చూడాలి, అఫిడవిట్ల మీద వేలిముద్రలు వెయ్యాలి. చనిపోయినవాడు తమ భర్తేనని రుజువు చెయ్యాలి. నష్టపరిహారం డబ్బు కోసం అత్తింటి మగవాళ్లు పెట్టిన ఒత్తిడి గురించి సుల్తాన్‌పురి స్త్రీల మధ్య పనిచేసిన వీణాదాస్ రాశారు. అత్యాచారాల సంగతి 'మానుషి' వంటి పత్రికల్లో తప్ప ప్రభుత్వ కాగితాల్లో దాదాపు కనబడదు. వాళ్ల శోకం సాక్ష్యంగా మారక తప్పలేదు. ప్రధాని శోకం మాత్రం సానుభూతిగా, ఆపైన నాలుగొందల సీట్లుగా మారింది.

2005లో మన్మోహన్‌సింగ్ రాజ్యసభలో క్షమాపణ చెప్పారు. ఆయన తప్పని చెప్పింది 21 ఏళ్ల కిందటి ప్రభుత్వాన్ని. 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు సజ్జన్‌కుమార్‌కు యావజ్జీవ శిక్ష వేసింది. అందులో కీలకం, భర్తనీ కొడుకునీ కోల్పోయిన ఒక స్త్రీ సాక్ష్యం. బెదిరింపుల్నీ, మారుతూ వచ్చిన ప్రభుత్వాల్నీ, విచారణ సంఘాల్నీ తట్టుకుని ఆమె 34 ఏళ్లు ఒకే మాట మీద నిలబడింది.

నాయకుల్ని అంచనా వేసేటప్పుడు మనం చితి పక్కన వాళ్ల ముఖం ఎలా ఉందో చూస్తాం. ఆ సమయంలో తమ వాళ్లకు చితి కూడా దక్కని స్త్రీలు ఏం చెప్పారో ముందు వినాలి. మా అమ్మ ఇప్పుడు లేదు. ఆమె ఆనాడు మెచ్చుకున్న నిబ్బరం అనే మాట మాత్రం నాలో ఉండిపోయింది. దాన్ని నేనిప్పుడు ఆ సాక్షికి ఇస్తాను.