తెలుగు రేవునకు వచ్చిన ఓడ

స్టీవెన్సను రచించిన ఓడదొంగల నవల ‘ట్రెజర్ ఐలండ్’ 1883లో గ్రంథరూపము దాల్చినది. హాలీవుడ్డువారు విక్టర్ ఫ్లెమింగ్ దర్శకత్వమున 1934లో దానిని చలనచిత్రముగా వెలువరించిరి. నిధిపటము దొరకిన జిమ్ అను బాలుని, ఒంటికాలి సిల్వరును తెరపై చూడవచ్చును గాని, ఇంగ్లీషు రానివానికి వారి మాటలు అందవు.

భాష యను ఈ అడ్డును తొలగింపనెంచియే హైదరాబాదున 1917లో అనువాదశాల నెలకొల్పబడినది. నేడు తార్నాక చెంత వెలయు ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ బోధనతో ఆరంభమగుటకు అదియే ఊత. పాశ్చాత్యశాస్త్రములు ఉర్దూలోనికి వచ్చినవి. తెలుగు బిడ్డకు మాత్రము ఆ వాకిలి స్వభాషలో తెరువబడలేదు.

కథల విషయమున ఆ కొరతను తీర్చినవారిలో నండూరి రామమోహనరావుగారొకరు. ఆయన స్టీవెన్సను నవలను ‘కాంచన ద్వీపం’గా తెనిగించిరి. సముద్రమెరుగని పల్లె బాలుడును ఆ ఓడ నెక్కగలిగెను. తెరపై బొమ్మ ఒక్క పూటలో ముగియును. గ్రంథాలయపు బీరువాలోని పుస్తకము తరతరములు చేతులు మారుచుండును.