ముళ్ళపంది మనుషుల వంశవృక్షం

వంశపారంపర్య చర్మవ్యాధుల చరిత్ర సాధారణంగా మెండెల్‌తో మొదలై, 1908లో ఆంగ్ల వైద్యుడు గారడ్ ఆల్బినిజాన్ని పుట్టుకతో వచ్చే రసాయన లోపాల్లో చేర్చడం మీదుగా నేరుగా నేటి జన్యుపరీక్షలకు వచ్చేస్తుంది. మధ్యలో పండితులే చేసిన ఒక పొరపాటును మాత్రం ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు అక్కడే ఆగాలనిపిస్తుంది.

ఇంగ్లండులోని సఫోక్‌కు చెందిన ఎడ్వర్డ్ లాంబర్ట్‌కు ముఖం, అరచేతులు, అరికాళ్ళు తప్ప ఒళ్ళంతా ముళ్ళలాంటి గట్టి చర్మం. 1732లో జాన్ మాచిన్ ఆ కుర్రవాడి గురించి రాశాడు. 1755లో హెన్రీ బేకర్ మళ్ళీ చూసేసరికి లాంబర్ట్‌కు ఆరుగురు పిల్లలు పుట్టారు, అందరికీ అదే చర్మమని బేకర్ రాశాడు. మనవలు జాన్, రిచర్డ్ తమ ఒంటిని జనానికి చూపించి బతికారు. క్రమంగా ఒక కథ స్థిరపడింది: ఆరు తరాలుగా తండ్రి నుంచి ప్రతి కొడుక్కీ వస్తుంది, కూతుళ్ళకు రాదు. దాంతో ఇది, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే చేరే వై క్రోమోజోము వ్యాధి అని శాస్త్రగ్రంథాలకెక్కింది.

1958లో జన్యుశాస్త్రవేత్తలు పెన్రోజ్, స్టెర్న్ చర్చి రిజిస్టర్లు తిరగేశారు. అన్ని తరాలు లేవు. మామూలు చర్మంతో పుట్టిన కొడుకులున్నారు. కూతుళ్ళకూ వచ్చిన సూచనలు దొరికాయి. అంటే ఈ వ్యాధికి తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మార్పు చెందిన ఒక్క జన్యువు వస్తే చాలు, ఆడామగా తేడా లేదు. ఆ కథ తప్పంతా పొట్టకూటికి ఒళ్ళు చూపించుకున్నవాళ్ళ మీద నెట్టడం న్యాయం కాదు. వై క్రోమోజోముకు మనిషిలో ఒక ఉదాహరణ కావాలన్న ఆత్రం పండితులది.

1991 నుంచి, చర్మానికి గట్టిదనమిచ్చే ప్రోటీన్ అయిన కెరాటిన్ జన్యువుల్లో మార్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. లాంబర్ట్‌దీ కెరాటిన్ లోపమే అయి ఉండవచ్చు. కానీ అతని చర్మం ఏ జన్యుపరీక్షకూ అందలేదు కనుక అది ఊహే.

జన్యువును చదవడంలో ఇప్పుడు ఎంతో ముందుకొచ్చాం, కుటుంబాన్ని చదవడంలో రాలేదు. మన ఊళ్ళలో బిడ్డ చర్మం పొలుసులు కడితే మొదటి నింద మేనరికం మీద, తరువాతది తల్లి మీద. రెండువైపుల నుంచీ లోపం రావలసిన లామెల్లార్ ఇక్తియోసిస్ (ఇక్తియోసిస్ అంటే పొలుసుల చర్మం) వంటి జబ్బుల్లో మేనరికానికి నిజంగానే పాత్ర ఉంది. బొబ్బలతో మొదలయ్యే కెరాటిన్ ఇక్తియోసిస్‌లో అలా కాదు. అక్కడ దాదాపు సగం మందిలో మార్పు ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది, తల్లిదండ్రులిద్దరి చర్మమూ శుభ్రంగానే ఉంటుంది. ఆ మాట ఆ తల్లికి, ఆమె అత్తవారి ఎదుటే, డాక్టరు చెప్పాలి.