చీటీ ఎవరి పేరున?

ఎండాకాలంలో ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టి జాడీలకు గుడ్డ కట్టే జాతి మనది. ముందుచూపులో మనకి పోటీ లేదనుకుంటాం. మొన్న మే నెలలో, రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటి గచ్చు మీద కాలు మోపలేకుండా వున్న మిట్టమధ్యాహ్నం, అమెరికాలో కొలరాడో వైపు కాపురం వుంటున్న మా పెద్దమ్మ మనవరాలు ఫోన్ చేసి, "పిన్నీ, వచ్చే చలికాలానికి మంచు పాస్ కొనేశాం" అంది.

మంచు పాస్ ఏమిటా అని మీకూ అనిపిస్తుంది. అక్కడ చలికాలంలో కాళ్ళకు పొడుగాటి పట్టీలు కట్టుకుని మంచు కొండల మీంచి జారుతారు. దాన్నే స్కీయింగ్ అంటారు. జారడానికి డబ్బక్కర్లేదు. జారాలంటే ముందు పైకెక్కాలిగా, ఆ ఎక్కించే కుర్చీకి కావాలి టిక్కెట్టు. ఏ రోజుకా రోజు కొంటే గుండె గుభేలుమనే ధర. 2008లో వెయిల్ అనే కంపెనీ 'ఎపిక్' అని పేరు పెట్టి, చలికాలమంతటికీ చెల్లే పాస్ 579 డాలర్లకి అమ్మకానికి పెట్టింది. 2018లో దానికి పోటీగా 'ఐకాన్' వచ్చింది. ముందుగా కొంటే చవక. చలి దగ్గర పడేకొద్దీ ప్రియం. డిసెంబరు మొదట్లో దాదాపు దుకాణం కట్టేస్తారు. ఏ పాస్‌కి ఏ కొండలు చెల్లుతాయి, ఏ పండగ రోజుల్లో చెల్లదు, పిల్లలకెంత తగ్గింపు, ఇవన్నీ పెళ్ళి సంబంధం చూసినంత శ్రద్ధగా చూసుకోవాలిట. ఆ ఏడు మంచు పడుతుందో లేదో మాత్రం ఎవరికీ తెలీదు. పడకపోయినా కంపెనీకి డబ్బు ముందే చేరిపోతుంది చూశారూ, కిటుకంతా అందులో వుంది.

అసలు చలికాలంలో పనిగట్టుకుని చలిలోకి పోవడమనే సరదా మరీ పాతదేం కాదు. స్విట్జర్లాండులో సెయింట్ మోరిట్జ్ అనే వూళ్ళో బాడ్రుట్ అని ఒక హోటలాయన వుండేవాడు. 1864లో, వేసవి ముగించుకుని వెళ్ళిపోతున్న ఇంగ్లీషు అతిథులతో, 'చలికాలంలో కూడా రండి, మీకు బాగోకపోతే ఖర్చులు నావి' అని పందెం కాశాడని చెప్పుకుంటారు. అంతకు ముందే టామస్ కుక్ అనే ఆయన జనాన్ని గుంపుగా తిప్పే వ్యాపారానికి నాంది పలికాడు. 1841 జూలై 5న ఇంగ్లండులో లెస్టర్ నుంచి లఫ్‌బరోకి మనిషికి ఒక షిల్లింగు చొప్పున ప్రత్యేక రైలు వేయించాడు. అదెందుకో తెలుసా, తాగుడు మానండని చెప్పే సభకి! (మా గోదావరిఖనిలో అలాంటి బండి వేస్తే ఆడవాళ్ళం మాత్రం కిక్కిరిసి ఎక్కుతాం.) 1863లో ఆయనే స్విట్జర్లాండుకి మొదటి జట్టుని వెంటబెట్టుకు వెళ్ళాడు. ఆ జట్టులో జెమీమా మారెల్ అనే యార్క్‌షైర్ యువతి రోజూ దినచర్య రాసుకుంది. ఆ రాతలు నూరేళ్ళ తరువాత, 1963లో, పుస్తకంగా వచ్చాయి. తండ్రి వెంటో మొగుడి వెంటో తప్ప గడప దాటకూడని రోజుల్లో, కుక్ గారి టిక్కెట్టు చేతిలో వుంటే ఆడది మర్యాదగా ప్రయాణం చేయవచ్చునన్న ధీమా కలిగింది. కాగితం ముక్కే గాని, ఎంత పని చేసిందో!

ఇక ఆ కుర్చీ సంగతి చెప్పాలి. మంచుకొండ ఎక్కించే మొదటి కుర్చీ 1936లో అమెరికాలో సన్ వ్యాలీ అన్నచోట పెట్టారు. పెట్టింది యూనియన్ పసిఫిక్ అనే రైలు కంపెనీ. రైళ్ళు ఖాళీగా పోతున్నాయి, జనం ఎక్కాలంటే వాళ్ళకో గమ్యం చూపించాలి కదా. దాన్ని తయారుచేసిన ఇంజనీరు అంతకు ముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రం చూసినవాడు. తిరిగే తాడుకి కొక్కేలు, కొక్కేలకి గెలలు. గెల తీసేసి మనిషిని కూచోబెడితే సరిపోయింది!

ఈ ముక్క చదివినప్పుడు నాకు అమెరికా గుర్తు రాలేదు. మా వూరే గుర్తొచ్చింది. సింగరేణి భూగర్భ గనులు కొన్నింటిలో కార్మికుల్ని కిందికి దించి పైకి తెచ్చేది అచ్చం ఇలాంటి కుర్చీయే. తిరిగే ఇనప తాడు, దానికి వేలాడే పీట, దానిమీద మనిషి. 'మాన్ రైడింగ్' అంటారు. అది రాకముందు ఏటవాలు దారిలో మైళ్ళకి మైళ్ళు నడిచి దిగి, ఎనిమిది గంటల చాకిరీ చేసి, మళ్ళీ ఆ ఎత్తంతా నడిచి ఎక్కేవాళ్ళు. అక్కడ సరదాకి డబ్బిచ్చి ఎక్కే కుర్చీ, ఇక్కడ బతుకు తెరువుకి దిగే కుర్చీ. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో ఆడవాళ్ళని పనిలోకి తీసుకోకూడదంది. 2019లో గాని ఆ తలుపు తెరుచుకోలేదు. అంచేత మా కాలనీల్లో ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసి, మొగుడు రోజూ ఏ దారిన దిగుతాడో కళ్ళతో చూడని ఇల్లాళ్ళే ఎక్కువమంది.

ఎవరికి ఏ దారి తెరవాలో చీటీలు చెబుతూ వచ్చాయి, అదీ నేటి మాట కాదు. రోడ్డుని మనం 'రహదారి' అంటాం. పారసీ నుంచి వచ్చిన మాట. దారి కాపలాకీ, దారిలో కట్టించుకునే సుంకానికీ అదే పేరు. 'రహదారీ చీటీ' అంటే నువ్వు పోవచ్చునని సర్కారువారిచ్చే కాగితం. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, హైదరాబాదు మీదుగా ఉత్తరానికి సాగి, మర్నాడు ఏడాది సెప్టెంబరుకి గాని ఇల్లు చేరలేదు. వెంట సుమారు వందమంది పరివారం. అంత హంగు వున్నవాళ్ళకే సాధ్యమయ్యేది దూరప్రయాణం.

లేనివాళ్ళు నడిచేవారు. అలా నడిచినవాళ్ళ వల్లే మా బొగ్గు బయటపడిందని సింగరేణి చరిత్ర చెప్పేవాళ్ళంతా మొదలుపెడతారు. భద్రాచలం రాముడి దర్శనానికి పోతున్న యాత్రికులు ఇల్లెందు దగ్గర ఆగి, నల్లరాళ్ళు మూడు పేర్చి వంట మొదలుపెడితే రాళ్ళే అంటుకున్నాయిట. ఆ పొయ్యి ముందు కూచున్నది ఆడదే అయివుంటుందని నా అనుమానం. పేరు మాత్రం 1871లో అక్కడ బొగ్గు వుందని తేల్చిన డాక్టర్ విలియం కింగ్ గారికి వచ్చింది. ఒక బొగ్గుపొరకి ఆయన పేరే పెట్టారు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ అయింది. 1889కి రైలు బెజవాడ చేరింది. కాజీపేట నుంచి బల్లార్షా దాకా వున్న చీలికలు 1920ల చివర కలిసిపోయాక, 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ రామగుండం మీదుగా ఉత్తరానికి పరుగు మొదలుపెట్టింది. గోదావరిఖనిలో గనులు 1960ల మొదట్లో లేచాయి. మా బొగ్గు తిని ఆ రైళ్ళు దేశమంతా తిరిగాయి. తవ్వినవాళ్ళ ఇళ్ళలోవాళ్ళు గేటు దగ్గర నిలబడి డబ్బాలు లెక్కపెట్టారు.

కాజీపేట రైల్వేవాళ్ళని చూస్తే మా వాళ్ళకి అప్పట్లో కడుపుమంటగా వుండేది. వాళ్ళకి పాసులుండేవి. నెల జీతం చాలకపోయినా కాశీ, రామేశ్వరం చూసివచ్చేవాళ్ళు. ఆ పాసు కూడా ఉద్యోగి పేరునే. భార్యా పిల్లలూ ఆ పేరు కింద లెక్కకు వచ్చేవాళ్ళు. ఎంతైనా లెక్కకు రావడం తక్కువ మాటేం కాదు. పాసు వుండీ ఒక్కడూ పోతే, వూరంతా అడిగేది కదా, 'ఆమెనెందుకు తీసుకుపోలేదయ్యా' అని.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకి సెలవు ప్రయాణ రాయితీ 1956లో వచ్చింది. మనం ఎల్.టి.సి. అనేది దాన్నే. 1975 నుంచి బొగ్గు గనులకు జాతీయ వేతన ఒప్పందాలు వచ్చాయి. వాటి దారిన సింగరేణి కార్మికుడి ఇంటికీ ఈ మాట చేరింది. సొంత వూరికి వెళ్ళి రావడానికి ఒకటి, నాలుగేళ్ళలో ఒకసారి దేశంలో ఎక్కడికైనా పోవడానికి ఇంకొకటి. రెండోదాన్ని మా కాలనీల్లో 'భారత్ దర్శన్' అంటారు. ఏ ఏడు వాడుకోవాలి, పెద్దపిల్ల పరీక్షలయ్యాకా, అత్తగారి కంటి ఆపరేషనయ్యాకా, కాశీకా, షిర్డీకా, పిల్లలడిగే కాశ్మీరుకా? ఆ అమెరికా పిల్ల పాస్ ఎంచుకోవడం దీని ముందు ఏపాటి! వాడుకోకపోతే గడువు దాటి పోయే హక్కు మరి.

తరువాత తరువాత టిక్కెట్టు ముక్కలు చూపించే లెక్క తగ్గి, ఇంతని మొత్తంగా చేతికిచ్చే పద్ధతి వచ్చింది. మగవాళ్ళంతా సంతోషించారు. పొరుగూళ్ళ టిక్కెట్లు సంపాదించే బెడద తప్పింది. నేను మాత్రం ఆ మార్పుని మెచ్చుకోలేను. టిక్కెట్టుని అప్పులవాడికి ఇవ్వలేం, సీసాలో పోసుకు తాగలేం. డబ్బు ఏ రూపమైనా ఎత్తుతుంది. మా వరసలోనే ఒకింట్లో భారత్ దర్శన్ బైకు వాయిదా అయింది, ఇంకోచోట పిల్ల ఓణీల ఫంక్షనయింది. అవీ అవసరాలే, కాదనను. కానీ ఆ ఇంటావిడని 'ఈసారి ఎక్కడికి వెళ్ళావమ్మా' అని అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

వెళ్ళినవాళ్ళూ వున్నారు. మా పక్క క్వార్టరు అమ్మాయి పోరుపెట్టి మరీ ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ వెళ్ళివచ్చింది. 1927లో ఇంగ్లీషు సైనికాధికారులు స్కీ క్లబ్బు పెట్టిన చోటు అది. 1998లో కాంగ్‌డోరీ దాకా, 2005లో ఆఫర్వాత్ శిఖరం వైపూ తాడు మీద నడిచే గొండోలా వచ్చింది. మొదటి మజిలీకి ఒక టిక్కెట్టు, రెండో మజిలీకి ఇంకొకటి. కింద టంగ్‌మార్గ్‌లో చీర మీద అద్దె కోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు తగిలించుకుని, మొదటి మజిలీకే టిక్కెట్టు తీసుకుందిట. స్కీలు కట్టుకునే ధైర్యం చేయలేదు గాని, జారేవాళ్ళని పైకి మోసే కుర్చీని అరగంట చూస్తూ నిలబడిందిట.

"అక్కా, ఆ కుర్సీ జూసిన్నే. మా ఆయిన దినాం బాయిలకు దిగేది గసొంటి దాంట్లనేనట. ఇన్నేండ్ల నుంచి నాకు ఎర్కనే లేదు" అంది.

"మరి మీ ఆయనేమన్నాడు?"

"రోజు ఎక్కేదేనాయె, దాన్నేం జూసుడు, చాయ తాగుదాం రా అన్నడు" అని నవ్వింది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు సున్నా. మహాలక్ష్మి పథకమన్నారు. మగవాళ్ళకు సీట్లు దొరకడం లేదనీ, ఆడవాళ్ళు పనిలేక తిరుగుతున్నారనీ ఎన్ని మాటలు విన్నామో. పనిలేక తిరిగే అదృష్టం మగవాళ్ళకు ఎప్పట్నుంచో వుంది, దాన్నెవరూ లెక్కకట్టలేదు. కండక్టరు మన కార్డే చూస్తాడు. మీ ఆయన ఏ బాయిలో పని అని అడగడు. ఎవరి భార్యగానో, తల్లిగానో కాకుండా మా కాలనీ ఆడవాళ్ళకి ముట్టిన మొదటి చీటీ అది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకి పదకొండుమందిమి కలిసి పోయాం. నిలబడే వెళ్ళాం, కాళ్ళు లాగేశాయి, అయినా దారంతా నవ్వులే.

అయితే సున్నా టిక్కెట్టు రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగుతుంది. మంచు అవతల వుంది. అందుకని పక్క క్వార్టరు అమ్మాయి ఇరవైమందిని కూడగట్టి చీటీ మొదలుపెట్టింది, నెలకు రెండువేలు, ఇరవై నెలలు. ఎత్తుకున్న డబ్బు ఎవరి ఖాతాలో వాళ్ళే వేసుకోవాలి, మొగుడి ఖాతాలో వేస్తే ఒప్పుకోనని షరతు. ఇప్పుడు ప్రతి ఆదివారం తగువే. డిసెంబరులో పోదామని కొందరు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ మంచు లేక బోసిగా వుండి నెలాఖరుకి గాని పడలేదు కాబట్టి ఫిబ్రవరే నయమని ఇంకొందరు. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన ఘోరం తలుచుకుని ఇద్దరు ముగ్గురు ఇంకా తటపటాయిస్తున్నారు, వాళ్ళనేమీ అనలేం. 2025 జూన్‌లో కత్రా నుంచి శ్రీనగర్‌కి రైలు మొదలైందిగా, ఘాట్ రోడ్డు వాంతుల బాధ తప్పిందని ఒకావిడ ధైర్యం చెబుతోంది. గొండోలాకి ఒక మజిలీ చాలా, రెండూనా అన్నది ఇంకా తేలలేదు.

నా పాట ఏడో నెలలో. ఆ అమ్మాయి మాత్రం పాట పాడదట. చివరి చీటీ అయితే కోత వుండదు, మొత్తం చేతికొస్తుంది, రెండో మజిలీకి కూడా సరిపోతుందని లెక్క వేసుకుంది.