టోక్యో టవర్: టీవీ కోసం కట్టారు.. టీవీ వెళ్లిపోయినా నిలబడింది!

టోక్యో అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది నారింజ, తెలుపు రంగుల్లో మెరిసే ఇనుప టవర్. ఎత్తు 333 మీటర్లు. నగరాన్ని పైనుంచి చూడ్డానికే దీన్ని కట్టారని చాలామంది అనుకుంటారు. కానీ అసలు సంగతి వేరు. ఇది టీవీ సిగ్నల్ కోసం పుట్టిన టవర్. ఆ టీవీ ఛానళ్లు 2013లోనే దీన్ని వదిలి వెళ్లిపోయాయి. అయినా టవర్ చెక్కు చెదరలేదు, జనం రావడమూ ఆగలేదు.

యాంటెన్నా తిప్పలేక..

జపాన్‌లో టీవీ ప్రసారాలు 1953లో మొదలయ్యాయి. మొదట ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌హెచ్‌కే, అదే ఏడాది ప్రైవేటు ఛానల్ నిప్పాన్ టీవీ వచ్చాయి. ఎవరి టవర్ వాళ్లదే, ఒక్కోటి ఒక్కో చోట. దాంతో ఛానల్ మార్చినప్పుడల్లా బొమ్మ సరిగా రాక జనం తలపట్టుకున్నారు. దూరదర్శన్ రోజుల్లో మన ఇళ్లలో ఒకరు డాబా మీద యాంటెన్నా తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు 'వచ్చింది.. పోయింది' అని అరిచినట్టే అనుకోండి.

కొత్త ఛానళ్లు వచ్చేకొద్దీ నగరం నిండా టవర్లే అయ్యేలా ఉన్నాయి. అందుకే అన్నిటికీ కలిపి ఒకే పెద్ద టవర్ కట్టాలన్న ఆలోచన పుట్టింది. సాంకే పత్రికాధిపతి హిసాకిచి మయేదా ఈ పనికి ముందుకొచ్చారు.

భూకంపాల ఊళ్లో ఇంత ఎత్తా?

డిజైన్ బాధ్యత తచూ నైతోకి అప్పగించారు. అప్పటికే ఆయనకు జపాన్‌లో 'టవర్ల డాక్టర్' అని పేరు. 1923 సెప్టెంబర్ 1న వచ్చిన భారీ భూకంపంలో టోక్యో, యోకొహామా ప్రాంతాల్లో లక్ష మందికి పైగా చనిపోయారు. ఆ విలయంలోనూ నైతో డిజైన్ చేసిన బ్యాంకు భవనం నిలబడింది. అందుకే ఆయన మీద అంత నమ్మకం.

కంప్యూటర్లు లేని కాలం అది. లెక్కలన్నీ స్లైడ్ రూల్ పట్టుకుని చేతితో వేసినవే. 1923 నాటి దానికి రెట్టింపు భూకంపం వచ్చినా, భారీ తుపాను గాలులు కొట్టినా తట్టుకునేలా డిజైన్ చేశారు. మొదట 380 మీటర్లు కడదామనుకున్నారు. కానీ అంత ఎత్తులో కొన గాలికి ఊగితే టీవీలో బొమ్మ దెబ్బతింటుంది. చివరికి 333 మీటర్ల దగ్గర ఆగారు. అప్పట్లో ఈఫిల్ టవర్ కన్నా ఇదే ఎత్తు. బరువు మాత్రం సుమారు 4,000 టన్నులే. ఈఫిల్ టవర్ ఇనుము 7,300 టన్నులు!

యుద్ధ ట్యాంకుల ఉక్కుతో..

1957 జూన్‌లో పని మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి పన్నెండేళ్లే. మంచి ఉక్కు దొరకడమే గగనం. అందుకే కొరియా యుద్ధంలో వాడేసిన అమెరికా ట్యాంకులను తుక్కు కింద కొని కరిగించారు. ఆ ఉక్కును టవర్ పైభాగంలో వాడారు. అలా దాదాపు 90 ట్యాంకులు కరిగిపోయాయని చెబుతారు. నిన్నటిదాకా యుద్ధంలో తిరిగిన ఇనుము, ఇంటింటికీ టీవీ బొమ్మ పంపే టవర్‌గా మారిందన్నమాట.

పని చేసిన తీరు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎర్రగా కాల్చిన రివెట్లను ఒకరు పటకారుతో విసిరితే, పైన సన్నని దూలం మీద నిలబడ్డ ఇంకొకరు వాటిని డబ్బాతో పట్టుకునేవాళ్లు. ఇలా లక్షన్నరకు పైగా రివెట్లు కొట్టారు. ఏడాదిన్నరలో పని పూర్తయింది. 1958 డిసెంబర్ 23న టవర్ ప్రారంభమైంది. 1959 ఏప్రిల్‌లో యువరాజు అకిహితో పెళ్లిని టీవీలో చూడాలని జనం పోటీపడి సెట్లు కొన్నారు. సరిగ్గా అదే సమయానికి టవర్ సిద్ధంగా ఉంది.

వంగిన కొన.. కొత్త టవర్ పోటీ

2011 మార్చి 11న జపాన్‌ను 9.0 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. టోక్యో టవర్ పైకొనలో ఉన్న యాంటెన్నా వంగిపోయింది. టవర్ మాత్రం పడలేదు. నైతో చేతి లెక్క తప్పలేదు. మరుసటి ఏడాది ఆ యాంటెన్నా మారుస్తుంటే, దాన్ని మోసే స్తంభంలో పాత బేస్‌బాల్ బంతి ఒకటి దొరికింది. అప్పట్లో అదో పెద్ద వార్త.

కానీ అసలు దెబ్బ భూకంపం వల్ల కాదు, టెక్నాలజీ వల్ల తగిలింది. నగరంలో ఆకాశహర్మ్యాలు పెరిగి 333 మీటర్ల ఎత్తు చాలకుండా పోయింది. 2011 జులై 24న టోక్యోలో అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాయి. 2012 మే 22న 634 మీటర్ల టోక్యో స్కైట్రీ తెరుచుకుంది. 2013 మే 31న ప్రధాన టీవీ ఛానళ్లన్నీ అక్కడికి మారిపోయాయి.

మరి ఎందుకు నిలిచింది?

పుట్టిన పని పోయినా, అప్పటికే జనానికి ఈ టవర్‌తో వేరే బంధం ఏర్పడింది. 1961 నాటి 'మోత్రా' సినిమాలో రాక్షస పురుగు గూడు కట్టుకున్నది దీని మీదే. 2005లో వచ్చిన 'ఆల్వేస్' సినిమాలో, సగం కట్టిన టవర్ కింద బతికే పేదల వీధి కథ చూసి జపాన్ జనం కళ్లు తుడుచుకున్నారు. 1989లో లైటింగ్ డిజైనర్ మొతోకో ఇషీ వెలుగులు కొత్తగా దిద్దాక రాత్రి టవర్ అందమే మారిపోయింది. చలికాలంలో వెచ్చటి నారింజ రంగు, వేసవిలో చల్లటి తెలుపు.

ఛానళ్లు వెళ్లిపోయిన 2013లోనే జపాన్ ప్రభుత్వం దీన్ని సాంస్కృతిక ఆస్తిగా నమోదు చేసింది. ఎఫ్ఎం రేడియో ప్రసారాలు ఇప్పటికీ ఇక్కడి నుంచి సాగుతున్నాయి. స్కైట్రీలో సమస్య వస్తే టీవీకి ఆదుకునేదీ ఇదే. ఎత్తులో స్కైట్రీ దాదాపు రెట్టింపు కావచ్చు. యుద్ధం తర్వాత లేచి నిలబడిన రోజుల గుర్తు ఏదంటే మాత్రం, టోక్యో వాసులు ఈ పాత టవర్‌నే చూపిస్తారు.

ఒక్క చూపులో టోక్యో టవర్

- ఎక్కడ: టోక్యోలోని మినాతో ప్రాంతం, షిబా పార్కు పక్కన
- ప్రారంభం: 1958 డిసెంబర్ 23
- ఎత్తు: 333 మీటర్లు
- చూసే అంతస్తులు: 150 మీటర్ల దగ్గర మెయిన్ డెక్, దాదాపు 250 మీటర్ల దగ్గర టాప్ డెక్
- మెట్లు: మెయిన్ డెక్ వరకు సుమారు 600
- రంగు: నారింజ, తెలుపు. విమానాలకు దూరం నుంచే కనపడాలన్న నిబంధన వల్లే ఈ రంగులు