ఆడవాళ్ళెక్కితే ఆగే కారు

మా మామగారి పాత కారుకి ఇంట్లో ఒక అపవాదు ఉండేది, ఆడవాళ్ళెక్కితే ఆగిపోతుందని. ఆయనొక్కరూ పగటిపూట అనకాపల్లి నుంచి విశాఖపట్నం వెళ్ళొస్తే ఏ పేచీ పెట్టేది కాదు. మా అత్తగారూ, నేనూ పట్టుచీరలు కట్టుకుని ఎక్కామా, దార్లో ఎక్కడో ఓ చోట దీపాలు మసకబారేవి. ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడితే 'టక్'మని ఊరుకునేది.

పాతికేళ్ళ కిందటి మాట. నర్సీపట్నంలో రాత్రి పెళ్ళి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బయల్దేరాం. మాకవరపాలెంలో సోడా తాగుదామని మామగారు కారాపారు. అంతే, మళ్ళీ కదల్లేదు. ఆ ఏడాదిలోనే రెండు బ్యాటరీలు మార్చారు, డైనమోకి తీగ చుట్టించారు, కటౌట్ కొత్తది వేయించారు. మార్చిన ప్రతిసారీ నాలుగు రోజులు బుద్ధిగా తిరగడం, అయిదో రోజు మొదటికి రావడం. ఇక అమ్మేస్తానని ఆయన బేరం కూడా పెట్టేశారు.

"సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఏదో కాలిన వాసనొస్తోందండీ" అని మా అత్తగారు మూడు నెలలుగా చెబుతూనే ఉన్నారు. "నీకు పోపు మాడిన వాసన తప్ప ఏం తెలుసు?" అనేవారాయన. ఆ మాట ఆ రోజు కూడా అన్నారు, నడిరోడ్డు మీద, నలుగురిలో. ఆవిడ ముఖం తిప్పుకుని చింతచెట్టు కేసి చూస్తూ కూర్చున్నారు.

నేను బి.ఏ. చదివినదాన్ని. కరెంటంటే స్విచ్చి వేస్తే వచ్చేదనే తెలుసు. కానీ ఆ రాత్రి తరవాత, ఈ కారులో కరెంటు ఎప్పుడు దూరింది, ఎందుకు దూరింది అని కుతూహలం పుట్టి దొరికినవన్నీ చదివాను. మొదటి పేజీల్లోనే ఒక ఆడమనిషి కనబడింది.

ఆవిడ పేరు బెర్తా బెంజ్. భర్త కార్ల్ బెంజ్ జర్మనీలో 1886లో మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు గానీ కొనేవాళ్ళు లేరు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఈవిడ భర్తకి చెప్పకుండా, పదిహేనేళ్ళ కొడుకునీ, పదమూడేళ్ళ కొడుకునీ వెంటేసుకుని ఆ మూడు చక్రాల బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాటే. పుట్టింటికెళ్ళడానికి ఆడది చేసే సాహసాలు ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు! దార్లో ఇంధనం అయిపోతే వీస్‌లాఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో కొనుక్కుంది. ఇంధనం గొట్టంలో నలక పడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసింది. బ్రేకులరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఇంజనుకి నిప్పురవ్వ నిచ్చే తీగ మీద తొడుగు పోయి కరెంటు పక్కదారి పడితే, తన మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ విప్పి దానికి చుట్టింది. లోకంలో మొట్టమొదటి దూరప్రయాణంలోనే కారుకి కరెంటు జబ్బు చేసింది, బాగుచేసింది ఇల్లాలు!

ఆ రోజుల్లో కారులో కరెంటుకి ఉన్న పనల్లా ఆ నిప్పురవ్వ ఒక్కటే. తరవాత దీపాలు వచ్చినా అవి గ్యాసు దీపాలే. ఇంజను తిప్పడానికి ముందు వైపు ఇనప హ్యాండిలుండేది. అది ఎదురు తన్నిందంటే మణికట్టు విరిగేది. హెన్రీ ఫోర్డు ఊరికంతటికీ మోడల్ టి కార్లు చేసి అమ్ముతుంటే, ఆయన భార్య క్లారా మాత్రం బ్యాటరీతో నడిచే 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌లో తిరిగేదిట. చోద్యంగా లేదూ?

ఆ హ్యాండిలు బాధ తప్పించినవాడు అమెరికాలోని డేటన్ పట్నపు చార్లెస్ కెట్టరింగ్. అంతకు ముందు క్యాష్ రిజిస్టర్లు చేసే కంపెనీలో పనిచేస్తూ, కొట్లో డబ్బుల పెట్టె మీట నొక్కితే తెరుచుకునేటట్టు మోటారు అమర్చాడు. ఆ మోటారు రోజంతా తిరగక్కర్లేదు, క్షణం సేపు గట్టిగా తిరిగితే చాలు. అదే కిటుకు ఇంజనుకీ వాడాడు. 1912 కాడిలాక్ కారుకి సెల్ఫూ, దీపాలూ, నిప్పురవ్వా అన్నీ ఒకే బ్యాటరీతో ముడిపడ్డాయి. ఇంజను అందుకున్నాక ఆ మోటారే డైనమోగా మారి బ్యాటరీ నింపేది. ఉమ్మడి కుటుంబం లాంటిదన్న మాట. సుఖమూ అందరిదే, ఒక చోట తెగితే కష్టమూ అందరిదే.

మన దేశంలో కలకత్తా దగ్గర ఉత్తరపారలో 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్. కారు దీపాలకీ డైనమోలకీ ఇంగ్లండులో పేరుమోసిన లూకాస్ కంపెనీ 1961లో మద్రాసులో టి.వి.యస్. వారితో కలిసి లూకాస్ టి.వి.యస్. పెట్టింది. ఆ లూకాస్ దొరని ఇంగ్లీషువాళ్ళు 'చీకటి రాజ్యానికి యువరాజు' అని వేళాకోళం చేసేవారు, ఆయన దీపాలు ఎప్పుడారిపోతాయో తెలీదని. తుప్పు పట్టిన బోల్టుల పాపం కూడా ఆయన ఖాతాలోనే పడి ఉంటుంది.

బోల్టంటే గుర్తొచ్చింది, మమ్మల్ని మాకవరపాలెంలోనే వదిలేశాను కదూ.

సోడా కొట్టతను కబురుపెడితే లారీలకి వైరింగు చేసే కుర్రాడొకడు వచ్చాడు. చేతిలో రెండు తీగలు కట్టిన బల్బు. బ్యాటరీ చూశాడు, బాగానే ఉంది. మామగారు తను మార్పించిన సామాన్లన్నీ ఏకరువు పెట్టారు. వాడు విని, "వాసనేమైనా వత్తందా బాబూ?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. కారులోంచి మా అత్తగారు మెల్లిగా, "వస్తోంది నాయనా. మూణ్ణెల్లనుంచీ" అన్నారు.

వాడు సెల్ఫ్ కొట్టమని, చోక్ తీగ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "కాలిపోతంది. బేటరీకేటీ నేదు, డైనమోకేటీ నేదు. ఇంజనుకి ఎర్తు నేదు!"

వాడు చెప్పింది నాకప్పుడు సగమే అర్థమైంది. మన ఇంట్లో బల్బుకి రెండు తీగలుంటాయి, వెళ్ళడానికొకటి, రావడానికొకటి. కారు దీపానికి బ్యాటరీ నుంచి వచ్చే తీగ ఒక్కటే. తిరుగుదారి కారు ఇనప ఒళ్ళే. కానీ ఇంజను, అదురు తెలియకుండా, రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరు కరెంటుని పోనివ్వదు. అందుకని ఇంజనుకీ, బాడీకీ మధ్య జడలా అల్లిన రాగిపట్టీ ఒకటి బిగిస్తారు. అదే ఎర్తు. మా కారులో ఆ పట్టీ బోల్టు దగ్గర తుప్పుపట్టి పోగులు తెగిపోయింది. హెడ్‌లైటు బల్బొకటి నాలుగైదు ఆంపియర్లు తీసుకుంటే సెల్ఫ్ వందకి పైగా లాగుతుంది. అంత కరెంటూ దారిలేక సన్నటి చోక్ తీగ పట్టుకుని వచ్చేది. అదీ ఆ కాలిన వాసన. ఇంజనుని అంటిపెట్టుకున్న డైనమో కరెంటుకీ అదే గతి. పగలు మామగారొక్కరే వెళ్ళినప్పుడు దీపాల ఖర్చు లేదు కాబట్టి ఎలాగో సరిపెట్టుకునేది. మేం వెళ్ళేవన్నీ రాత్రి పెళ్ళిళ్ళాయె! దీపాలు బ్యాటరీని తాగేసేవి, డైనమో తిరిగి నింపలేకపోయేది. కొత్త బ్యాటరీ వేసినప్పుడల్లా నాలుగు రోజుల సంబరం అందుకే.

కుర్రాడు లారీ నుంచి తీసిన పాతపట్టీ ఒకటి తెచ్చి, బోల్టు గీకి శుభ్రం చేసి బిగించాడు. సెల్ఫ్ గిర్రుమంది. మామగారు యాభై ఇస్తే వాడు ముప్ఫై ఉంచుకుని తక్కినవి ఇచ్చేశాడు.

పెళ్ళి ముహూర్తానికి అందుకున్నాం. కారు అమ్మలేదు, ఇంకా ఆరేళ్ళు తిరిగింది. నువ్వు చెప్పిందే నిజమైందని మామగారు అత్తగారితో అన్నట్టు నేనైతే వినలేదు. కానీ ఆ తరవాత ఎక్కడికి బయల్దేరినా తాళం తిప్పి, అద్దంలోంచి వెనక్కి చూసి, "ఏమేవ్, వాసనొస్తోందా?" అని అడిగేవారు. ఆవిడ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కొంగు సర్దుకుని, తీరిగ్గా రెండుసార్లు గాలి పీల్చి, అప్పుడు "పోనివ్వండి" అనేవారు.