కాసులపేరు - సనాతనత్వం

కంకిపాడు ప్రాంతంలో సంబంధం కుదిరిందంటే తాంబూలాలకు ముందే నగల మాట వస్తుంది. ప్రధానానికి ఉంగరమా, గొలుసా? పెళ్ళికి కాసులపేరా, చంద్రహారమా? వడ్డాణం కొత్తది చేయించాలా, అమ్మమ్మగారిది మెరుగు పెట్టిస్తే చాలునా? ఈ తర్జనభర్జనలో పెద్దలు ఒక మాట తప్పక అంటారు: "ఎన్నటికీ పాతబడనివి తీసుకోండి" అని. అంటే, కాలం అంటని నగ కావాలని. అటువంటి నగ ఉన్నదా?

కాసులపేరునే చూద్దాం. దాని పనితనం ప్రాచీనమే. కాని డెల్టాలో మామూలు రైతు ఇల్లాలి మెడకు అది ఎక్కడానికి దోవ చూపింది పురాణాలు కావు, 1855లో బెజవాడ వద్ద పూర్తయిన కృష్ణ ఆనకట్ట. కాలవల కింద మాగాణి పెరిగింది. ధాన్యం తిండిగింజ స్థితి దాటి అమ్మకపు సరుకయింది. మిగులును దాచడానికి పల్లెలో బ్యాంకు లేదు. కొంత భూమిలోకి, కొంత వడ్డీకి, కొంత బంగారంలోకి పోయింది. ఆనాటి ఇంగ్లీషు సవరను 22 క్యారట్లది, 8 గ్రాములకు రవ్వంత తక్కువ. ఈనాటికీ మన యిళ్ళల్లో కాసు అంటే 8 గ్రాముల లెక్కే. సనాతనమని మనం మురిసిపోయే లక్ష్మీకాసు తూగేది విక్టోరియా రాణి నాణెంతోనన్నమాట!

అలా చేరిన బంగారం అక్కడే నిలిచిందా? 1929 తరువాత ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర కూలింది. అప్పులు మాత్రం కూలలేదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ స్వర్ణప్రమాణాన్ని వదిలిపెట్టగానే బంగారం ధర ఎగసింది. అప్పులవాళ్ళు నగలు తెగనమ్ముకున్నారు. ఆ బంగారం ఓడలెక్కి లండను చేరింది. దేశమంతటా జరిగిన ఈ తరలింపును చరిత్రకారులు ఎగుమతుల లెక్కల్లో చూపుతారు. ఆ లెక్కలో ఎందరు ఆడవాళ్ళ మెడలు బోసిపోయాయో ఎవరూ కూడలేదు.

మళ్ళీ 1963 జనవరిలో బంగారం అదుపు ఉత్తర్వు వచ్చింది. 14 క్యారట్లకు మించిన నగ చేయరాదన్నారు. మడుగులు, నల్లవ్యాపారులు నిక్షేపంగా బతికారు. కుంపటి ముందు కూర్చునే స్వర్ణకారుడు వీధిన పడ్డాడు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 1968లో చట్టమైన ఆ నియంత్రణ 1990లో గాని రద్దు కాలేదు.

కూలివారి పెళ్ళిళ్ళ సంగతి వేరు. అక్కడ పుస్తెలొక్కటే బంగారం. తక్కినవి బందరు పక్క చిలకలపూడి రోల్డుగోల్డు. తాకట్టు పెట్టుకునే భాగ్యం కూడా లేని నగలవి.

నగ ఎంపికలో అందం మాట నేను కాదనను. అయితే నకషీ పని ఎంత ఎక్కువైతే తరుగు, మజూరీ అంత ఎక్కువ. కరిగించేనాడు అవి తిరిగి రావు. రాళ్ళ బరువును బంగారంతో కలిపి తూచే దుకాణాలూ ఉన్నాయి. సాదా కాసులపేరు పాతబడకపోవడానికి కారణం అదే: కరిగిస్తే దాదాపు పెట్టినంతా వస్తుంది.

ఇక అది ఎవరిది? ఆడపిల్లకు పసుపుకుంకాల కింద పొలం రాసివ్వడం డెల్టాలో ఎరిగినదే. పొలానికి దస్తావేజు ఉంటుంది. నగకు ఏముంటుంది? స్త్రీధనం భార్య సొంత ఆస్తి, అత్తింటి ఉమ్మడి సొత్తు కాదని 1985లో సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో తేల్చి చెప్పింది. అయినా పెళ్ళయిన వారానికే నగల పెట్టె అత్తగారి బీరువాలోకి వెళుతుంది. కొన్న రసీదు తండ్రి పేర ఉంటుంది. తాకట్టు చీటీ భర్త పేర ఉంటుంది.